మంత్రిగారి అసలు వయసు

పుట్టిన తేదీ ఇకమీదట చెల్లదని మా మంత్రిగారు ప్రకటించారు.

ప్రకటించిన చోటు టౌన్ హాలు. వేదిక ముందు పూలకుండీలు, వెనక గోడంత బ్యానరు, బ్యానరు మీద చాలా ఏళ్ల కిందటి మంత్రిగారి ఫొటో. ఆ ఫొటో కింద నిలబడి ఇప్పటి మంత్రిగారు మైకు సవరించుకున్నారు.

"పుట్టిన తేదీ ఒక వదంతి. పుట్టినప్పుడు మనకెవరికీ స్పృహ లేదు. ఎవరో చెప్పారు, మనం నమ్మాం. ఇంతకాలం ఈ ప్రభుత్వం వదంతుల మీద నడిచింది. ఇకమీదట సైన్సు మీద నడుస్తుంది. మనిషికి వయసెంతో అతని శరీరమే చెబుతుంది. శరీరం అబద్ధం చెప్పదు."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టినవాణ్ని నేనే. ఆ మాటలు రాసింది నేనే కనక ఎక్కడ కొట్టాలో నాకు ముందే తెలుసు.

ఆరోగ్యశాఖలో ప్రెస్‌నోట్లు రాయడం నా ఉద్యోగం. ఆఫీసులో నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ ప్రెస్‌నోటు గారనే అంటారు. ఇంట్లో మా ఆవిడ కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలుస్తుంది. మంత్రిగారి నోట వచ్చే ప్రతి మాటా ముందు నా బల్ల మీద పుడుతుంది. ఆయన పొరపాటున సొంతంగా ఏమన్నా మాట్లాడితే, అలా అనలేదని మర్నాడు రాసేదీ నేనే. ఇంత గొప్ప బాధ్యత మోస్తున్నానని అప్పుడప్పుడు అద్దంలో చూసుకుని గర్వపడుతుంటాను. ఆ అద్దం కూడా ఆఫీసుదే.

ఈ వృత్తిలో నాకు ఒకటే విద్య వచ్చు. గుండ్రటి అంకె రాయకూడదు. సభకు మూడు వేల మంది వచ్చారని రాస్తే చదివేవాడు నవ్వుతాడు. రెండు వేల తొమ్మిది వందల ఎనభై మూడు మంది అని రాస్తే, ఎవరో పాపం ఎండలో నిలబడి లెక్కపెట్టారనుకుని నమ్ముతాడు. ఈ సూత్రం నేను కనిపెట్టిందే. నా తర్వాత నాకంటూ మిగిలేది ఇదొక్కటేనని నా నమ్మకం.

మా శాఖలో ఒక ఆనవాయితీ కూడా ఉంది. మంత్రిగారికి సంబంధించిన అంకె ఏదైనా సరే, ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్లేటప్పుడు కాస్త మెరుగుపడాలి. ఆస్పత్రిలో పది మంచాలు వేస్తే, ఆ కాగితం పైకి వెళ్లేసరికి అవి నలభై అవుతాయి. మెరుగుపెట్టకుండా పంపినవాణ్ని అయ్యగారంటే గౌరవం లేనివాడిగా లెక్కేస్తారు. నాకు గౌరవం జాస్తి.

డెబ్బై దాటినవాళ్లకు ఈసారి ఎన్నికల్లో టికెట్ ఇవ్వబోమని పార్టీ తీర్మానించిన వారంలోనే మంత్రిగారికి ఈ సైన్సు తట్టిందని గిట్టనివాళ్లు అంటారు. ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం లేదని నేనే రాశాను.

శరీర వయసు ఉత్తర్వు కూడా నా చేతి చలవే. ప్రభుత్వ వ్యవహారాలన్నిటిలో ఇకమీదట యంత్రం చెప్పిందే వయసు. దానిమీద అప్పీలు లేదు, కోర్టు లేదు, మంత్రికైనా మినహాయింపు లేదు. ఆ చివరి ముక్క చప్పట్ల కోసం పెట్టాను. బాగానే పడ్డాయి.

యంత్రాన్ని తెప్పించిన డైరెక్టరు డాక్టరుగారు ఒకరోజు ఛాంబరుకు వచ్చి మంత్రిగారికి వివరం చెప్పారు. పక్కనే పీఏ నిలబడి ఉన్నాడు. రాసుకోవడానికి నేను మూల కుర్చీలో కూర్చున్నాను.

"సార్, క్యాలెండరు అందరికీ ఒకేలా తిరుగుతుంది. ఒళ్లు అలా తిరగదు. ఒకడు నలభైకే ముసలాడైపోతాడు, ఇంకొకడు అరవైలో కూడా గట్టిగా ఉంటాడు. పొగ, దుమ్ము, ఎండ, నిద్ర తక్కువ కావడం, కదలకుండా కుర్చీలో కూర్చోవడం, సిగరెట్టు, మందు, బెంగ, మాట్లాడే మనిషి లేకపోవడం, ఇవన్నీ ఒంటికి వయసు పోస్తాయి."

మంత్రిగారు ఆలోచించారు. "నేను సిగరెట్టు తాగను."

"తాగరు సార్," అన్నాడు పీఏ.

"ఎండలోకి వెళ్లను."

"గెలిచిన తర్వాత వెళ్లలేదు సార్."

"నిద్ర?"

"శాసనసభలో కూడా పోతున్నారు సార్."

"బెంగ?"

"అది నేను చూసుకుంటున్నాను సార్."

"నడకో?"

"మీ పేరుమీద కార్యకర్తలు నడుస్తున్నారు సార్."

"మాట్లాడే మనిషి?"

"మీరే సార్. మేమంతా వింటున్నాం."

డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని, అన్నీ బాగానే ఉన్నాయి, కుర్చీ సంగతే కాస్త చూసుకోవాలన్నారు. కుర్చీ సంగతి పార్టీ చూసుకుంటుందని మంత్రిగారు ధైర్యం చెప్పారు.

ఇక ప్రజలకు బోధించే పని నా మీద పడింది. నా గది ఛాంబరుకు సరిగ్గా కింద ఉంటుంది. పైన చల్లగా ఉండటం కోసం ఏసీలు బయటికి తోసే వేడిగాలి నా కిటికీలోంచే లోపలికి వస్తుంది. కిటికీ మూస్తే పక్కనున్న జనరేటరు పొగ తలుపు సందులోంచి వస్తుంది. తలుపు కూడా మూస్తే, లోపల నేనున్నానని మర్చిపోయి బయట గడియ పెట్టేస్తారు. ఆ గదిలో కూర్చునే 'స్వచ్ఛమైన గాలి, సగం యౌవనం' అనే కరపత్రం దగ్గుతూ రాశాను. నిద్ర విలువ మీద చిన్న పుస్తకం రాయడానికి వారం పాటు సరిగ్గా నిద్రపోలేదు. 'కాసేపు నడవండి' అనే పుస్తకం కుర్చీలోంచి లేవకుండా పూర్తిచేశాను. పూర్తయ్యాక లేవబోతే నడుం పట్టేసింది. ఆ పుస్తకం రెండో ముద్రణకు కూడా వచ్చింది.

మా ఆవిడ ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. కొలిచి చూసుకోకుండా దేన్నీ నమ్మదు. కరపత్రం చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఉన్నవి మీరు ఒక్కటైనా చేస్తారా?" అనడిగింది.

"నేను రాసేవాణ్ని. చెయ్యాల్సింది చదివేవాళ్లు."

"చదివేవాళ్లు మీకంటే తెలివైనవాళ్లయితే బాగుండు," అని మళ్లీ మిషను తొక్కసాగింది.

యంత్రాన్ని ప్రజల్లోకి తీసుకువెళ్లడానికి మంత్రిగారు కొలిమి వీధిని ఎంచుకున్నారు. ఊరి చివర ఇనుము కరిగించే కార్ఖానా పక్కనున్న వీధి అది. అక్కడ ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి నల్లబడుతుంది. యంత్రం బీరువా అంత ఉంటుంది. గొట్టంలో ఊది, చెయ్యి లోపల పెడితే ఒక రక్తపు బొట్టు తీసుకుని, కాసేపు గుర్రుమని, అద్దం మీద అంకె చూపిస్తుంది.

కొలిమి వీధిలో చిన్న అంకె చూపించమంటే యంత్రం మొండికేసింది. పాతికేళ్ల వాళ్లకు యాభై, ముప్పై ఏళ్ల వాళ్లకు అరవై చూపిస్తోంది. డాక్టరుగారు చెమట తుడుచుకుంటున్నారు. అప్పుడు చంకలో పసిబిడ్డతో ఒక అమ్మాయి ముందుకొచ్చింది.

"అయ్యా, నాకు ఇరవై ఆరు. ఇది యాభై రెండంటోంది. మా అత్తగారు తోటల పక్క ఊళ్లో ఉంటుంది. మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఇక్కడే ఊదితే ఆవిడకి నలభై ఏడు వచ్చింది. ఇప్పుడు మా ఇద్దరిలో ఎవరు ఎవరి మాట వినాలి?"

మంత్రిగారు నా వైపు చూశారు. నేను ఉత్తర్వు తిరగేసి తల ఊపాను.

"ఉత్తర్వు ప్రకారం ఆవిడే మీ మాట వినాలమ్మా," అన్నారు మంత్రిగారు.

వీధిలో ఉన్న కోడళ్లందరూ చప్పట్లు కొట్టారు. అంతకాలపు నా సర్వీసులో నేను మొదలుపెట్టకుండా మోగిన చప్పట్లు అవే. కానీ ఆ అమ్మాయి కొట్టలేదు.

"నాకీ పెద్దరికం వద్దయ్యా. ఆ పొగ ఆపించండి చాలు."

"పొగ ఆపితే మీ పెద్దరికం పోతుంది కదమ్మా," అన్నారు మంత్రిగారు ఎంతో జాలిగా. "ప్రభుత్వం ఒకసారి ఇచ్చిన గౌరవాన్ని వెనక్కి తీసుకోదు."

ఆ వీధి వాళ్లందరికీ బస్సుల్లో పెద్దల సీట్లు కేటాయిస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించి, చేతికర్రలు పంచిపెట్టారు. ఆ అమ్మాయి ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో కర్రను పట్టుకుని నా వైపు చూసింది. నాకు సిగ్గేసింది. సిగ్గును ప్రెస్‌నోటులో ఎక్కడ పెట్టాలో తెలియక, 'కొలిమి వీధిలో పెరిగిన అనుభవజ్ఞుల సంఖ్య' అని శీర్షిక పెట్టి పంపేశాను.

ఆ తర్వాతి వంతు మా ఆఫీసుది. అందరం వరసలో నిలబడ్డాం. నాకు యాభై నాలుగేళ్లు. ఉద్యోగ విరమణ అరవైకి. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. మా అమ్మాయి నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంది. ఆరేళ్లలో దాని చదువు పూర్తయి స్థిరపడుతుంది, అప్పుడు క్వార్టరు ఖాళీ చేసి నిశ్చింతగా బయటపడవచ్చని మా ఇంటి లెక్క. నేను హుషారుగా గొట్టంలో ఊదాను. దగ్గొచ్చింది. మళ్లీ ఊదాను.

యంత్రం చాలాసేపు గుర్రుమంది. తర్వాత డెబ్బై ఒకటి చూపించింది.

"కంగ్రాట్స్ సార్," అన్నాడు యంత్రం దగ్గరి టెక్నీషియను. "కొలిమి వీధి బయట ఇదే రికార్డు."

అంకె గుండ్రంగా లేదు. అందుకే ముందుగా నాకే నమ్మబుద్ధి అయింది.

మంత్రిగారికి సంబంధించిన అంకెలకు చేసే మెరుగు నా అంకెకు ఏ బల్ల మీదా జరగలేదు. ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క దిద్దుబాటు లేకుండా ఇంత వేగంగా పైకి వెళ్లిన కాగితం మా శాఖ చరిత్రలో ఇంకొకటి లేదు. సాయంత్రానికల్లా నా రిటైర్మెంటు ఆర్డరు టైపై మంత్రిగారి సంతకానికి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లి గుమ్మంలోనే కూర్చున్నాను.

"ఏమైందండీ?"

"డెబ్బై ఒకటి వచ్చింది."

"ఏమిటి, బీపీనా?"

"వయసు."

మా ఆవిడ మిషను ఆపింది. నన్ను తల నుంచి కాలి దాకా చూసింది. టేపు తీసి కొలుస్తుందేమో అనుకున్నాను.

"శరీరం అబద్ధం చెప్పదని మీరే రాశారుగా."

"రాశాను."

"చదివినప్పుడు బాగుందనుకున్నాను," అంది. తర్వాత వచ్చి నా పక్కనే కూర్చుంది. "అమ్మాయి చదువు ఇంకా సగంలో ఉంది. రేపు క్వార్టరు ఖాళీ చెయ్యమంటే ఈ మిషను ఎక్కడ పెట్టుకోను? వెళ్లి మంత్రిగారిని అడగండి. ఇన్నేళ్లూ ఆయన మాటలన్నీ మీరే మాట్లాడారు. ఒక్కసారి మీ మాట మీరు మాట్లాడుకోండి."

తప్పకుండా అడుగుతానన్నాను. ఎలా అడగాలో తెలియక, మర్నాడు పొద్దున్నే అడగాల్సిన మాటలు ఒక కాగితం మీద రాసుకుని బయల్దేరాను.

ఛాంబరు బయట పీఏ అడ్డుపడ్డాడు. "ఇవాళ కాదు ప్రెస్‌నోటు గారూ. మధ్యాహ్నం అయ్యగారి వయసు ప్రకటన. మీ ఆర్డరు లోపలే ఉంది, ఇంకా సంతకం పెట్టలేదు. ఆయన సంతోషంగా ఉంటే దానిమీద ఏదో ఒకటి అనుకూలంగా రాయించే పూచీ నాది."

"ఆయన సంతోషంగా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

పీఏ అటూ ఇటూ చూసి ఒక కవరు తీశాడు. "పరీక్ష నిన్ననే అయింది. అయ్యగారికి అంకె చెప్పలేదు. స్టేజీ మీద అందరి ముందు ఈ కవరు చింపి ఆయన సహజంగా ఆశ్చర్యపోవాలట. యంత్రం ఎనభై నాలుగంది. అంతా కుర్చీ దెబ్బేనన్నారు డాక్టరుగారు. యంత్రం కొత్తది కదా అని ఆయనే అరవై రెండు చేశారు. కార్యదర్శిగారు ప్రజాసేవలో గడిపిన ఏళ్లు వయసు కిందికి రావంటూ నలభై అయిదుకు దించారు. నేను ముప్పై చేశాను. మీరు ఒకసారి చూసి ఫైనల్ చెయ్యండి. యువతరం ఓట్లు పడాలి, అదే సమయంలో నమ్మేలా ఉండాలి."

నేను కవరు తీసుకుని నా గదిలోకి వెళ్లాను. ముప్పై. ఎంత గుండ్రటి అంకె. చిన్నపిల్లలు కూడా నమ్మరు. నా కలానికి నిజంగా పని పడింది.

ఇరవై తొమ్మిది అంటే చెప్పుల కొట్లో ధరలా ఉంది. ఇరవై మూడు బాగానే ఉంది గానీ, అందరూ అంతంత తగ్గించాక నేను కొంచెమే తగ్గిస్తే అయ్యగారికి నా మీద కలిగే దయ కూడా కొంచెమే అవుతుంది. ఒక్కో ఏడాది తగ్గించినప్పుడల్లా మా క్వార్టరు గోడలు గట్టిపడుతున్నట్టు, మా ఆవిడ మిషను ఉన్నచోటే ఉన్నట్టు, మా అమ్మాయి చదువు ఒక్కో మెట్టు ఎక్కుతున్నట్టు అనిపించింది. పద్దెనిమిది దగ్గర కలం ఆగింది. ఆ అంకె ఎక్కడో తరచుగా విన్నట్టుంది. బాగా వాడిన అంకెను జనం నమ్మరు. కొట్టేసి పదిహేడు అని రాశాను. కాగితాన్ని దూరంగా పెట్టి చూసుకున్నాను. ఎంతో సహజంగా ఉంది. నన్ను నేను మెచ్చుకుని కవరు అతికించాను.

మధ్యాహ్నం టౌన్ హాలు విలేకరులతో, కార్యకర్తలతో నిండిపోయింది. మంత్రిగారు కవరు చింపారు. చదివారు. మళ్లీ చదివారు. ఆయన కళ్లల్లో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. తర్వాత ఆనందం. కాగితాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తారు.

"పదిహేడు. నేను చెప్పింది కాదు, సైన్సు చెప్పింది. ఈ ఉత్తర్వు ప్రకారం ఇదే నా తుది వయసు. మంత్రికైనా మినహాయింపు లేదని ఆనాడే చెప్పాను. ఇవాళ్టి నుంచి నేను యువతకు నాయకుణ్ని కాదు, నేనే యువతను."

హాలు దద్దరిల్లింది. నా వైపు చూసి పీఏ బొటనవేలు ఎత్తాడు. నా రిటైర్మెంటు ఆర్డరు చిరిగిపోతున్న చప్పుడు నా చెవుల్లో వినిపించింది.

వెనక వరసలోంచి విలేకరి అయిన ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "అయ్యా, ఒక చిన్న సందేహం. మీకు ఓటుందా?"

"ఏం ఓటమ్మా?"

"ఓటుకు పద్దెనిమిది నిండాలి కదండీ. ఎన్నికల్లో నిలబడాలంటే ఇంకా పెద్ద వయసు ఉండాలి. అసలు పదిహేడేళ్ల వాళ్లు మంత్రిగా ఫైళ్ల మీద సంతకం పెడితే చెల్లుతుందా?"

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారు చూడటానికి అక్కడ యంత్రం లేదు. మాటలు ఆగిపోయిన చోట చప్పట్లు మొదలుపెట్టడం నా డ్యూటీ. అలవాటు కొద్దీ కొట్టాను. ఈసారి నాతో ఎవరూ కలవలేదు.

గంట తిరిగేసరికి అందరం ఛాంబరులో ఉన్నాం. న్యాయ సలహాదారు మేడమ్‌ను పిలిపించారు. ఆవిడ ఉత్తర్వంతా చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"యంత్రం తప్పు చూపించిందని చెబుదాం," అన్నారు మంత్రిగారు.

"చెప్పొచ్చు సార్. అప్పుడు యంత్రం మాట మీద రిటైర్ చేసినవాళ్లంతా తిరిగొస్తారు. కొలిమి వీధి వాళ్లు కర్రలు పట్టుకుని వస్తారు."

"దీనిమీద కోర్టు లేదని రాశాం కదా."

"రాశాం సార్. మీకు కూడా లేదు."

"ఎవరయ్యా రాసింది?"

అందరూ నా వైపు చూశారు. నేను గోడ గడియారం వైపు చూశాను.

"ఒకటే దారి సార్. కొత్త ఉత్తర్వు ఇచ్చి దీన్ని సవరించాలి. దానికి మంత్రి సంతకం కావాలి. మంత్రిగారు మైనరు కాబట్టి ఆయన తరఫున సంరక్షకుడు సంతకం పెట్టాలి."

"మావాడు పెడతాడు. మా అబ్బాయి."

"ఆయనకు నలభై ఎనిమిది సార్. పదిహేడేళ్ల మీకు ఆయన ఎలా పుట్టారో ముందు తేల్చాలి."

మంత్రిగారు తల పట్టుకున్నారు. "మరి ఎవరు?"

"ఈ ఆఫీసులో అందరికంటే పెద్దవాళ్లెవరో వాళ్లు. ఉత్తర్వు ప్రకారమే."

పీఏ కాగితాలు తిరగేశాడు. "డెబ్బై ఒకటి సార్. ప్రెస్‌నోటు గారు."

మంత్రిగారు లేచి నిలబడ్డారు. ఇన్నేళ్లలో నన్ను మొదటిసారి మీరు అని మన్నిస్తూ, "కూర్చోండి, పెద్దవారు నిలబడకూడదు," అన్నారు. నేను కూర్చున్నాను. కుర్చీ మెత్తగా ఉంది. ఇలాంటి కుర్చీలో ఎనభై నాలుగు ఎందుకు రాదా అనిపించింది.

"ఒక చిక్కుంది," అన్నారు మేడమ్. "ప్రభుత్వ ఉద్యోగి తన మంత్రికే సంరక్షకుడుగా ఉండకూడదు. ముందు ఈయన రిటైర్ కావాలి."

"ఆర్డరు సిద్ధంగా ఉంది," అన్నాడు పీఏ.

"దానిమీద ఎవరి సంతకం కావాలి?" అనడిగాను.

"మంత్రిగారిది."

"ఆయన మైనరు కదా."

"అందుకని ఆయన సంరక్షకుడిది."

"సంరక్షకుడెవరు?"

"మీరే."

"నేనింకా ఉద్యోగిని కదా."

"సంతకం పెట్టగానే కారు," అన్నారు మేడమ్ ఎంతో ఓపిగ్గా.

నా జేబులో పొద్దున రాసుకున్న కాగితం ఉంది. మా ఆవిడ గుర్తొచ్చింది. ఒక్కసారి నా మాట నేను మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. లేచాను. మోకాళ్లు చప్పుడు చేశాయి.

"అయ్యా, నాకు నిజంగా యాభై నాలుగే."

"నాకు మాత్రం నిజంగా పదిహేడా?" అన్నారు మంత్రిగారు బాధగా. "అందరం సర్దుకుపోవాలి కదండీ."

పీఏ నా భుజం మీద చెయ్యి వేశాడు. "రెండు సంతకాలే ప్రెస్‌నోటు గారూ. మొదటిది మీ ఆర్డరు మీద, రెండోది కొత్త ఉత్తర్వు మీద. అది రాగానే పాత వయసులే చెల్లుతాయి. మీరు మళ్లీ యాభై నాలుగు. రేపు పొద్దున్నే వచ్చి జాయినైపోండి. మీ గది మీదే."

ఆ గది పోతుందేమోనని నేను ఎంత భయపడ్డానో ఆ మాట వినేదాకా నాకు తెలియదు. జనరేటరు మీద కూడా బెంగ పెట్టుకున్నానన్నమాట.

మా ఆఫీసులో సంతకం ముందు, చదవడం తర్వాత. నన్ను రిటైర్ చేస్తున్న కాగితం మీద మంత్రిగారి పేరు కింద, ఆయన సంరక్షకుడిగా సంతకం పెట్టాను. తర్వాత కొత్త ఉత్తర్వు మీద పెట్టాను. చెయ్యి వణికింది. మంత్రిగారు జాలిగా చూసి, "వయసు," అన్నారు.

తర్వాత చదివాను. ప్రజాప్రతినిధుల వయసు వారి మాటను బట్టి నిర్ణయించబడును, తక్కిన ప్రజలందరి వయసు యంత్రాన్ని బట్టి నిర్ణయించబడును అని ఉంది. తక్కిన ప్రజల కింద నా సంతకం సిరా ఇంకా తడిగానే ఉంది.

"ఇది ఎవరు రాశారు?" అనడిగాను.

"ఇంకెవరు రాస్తారండీ. మీ పాత డ్రాఫ్టులోంచే తీశాను," అన్నాడు పీఏ. "మీ భాష ఎవరికొస్తుంది?"

మంత్రిగారు అప్పటికే మేజరైపోయారు. కుర్చీలో కూర్చుంటూ, "ఏమయ్యా ప్రెస్‌నోటూ, ఇప్పుడు నా వయసు ఎంతని చెబితే బాగుంటుంది?" అన్నారు.

"నలభై ఏడు, అయ్యా," అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

"యాభై అంటే?"

"గుండ్రంగా ఉంటుంది. నమ్మరు."

"వెళ్లేముందు నీ వీడ్కోలు సభ ప్రెస్‌నోటు కూడా రాసిచ్చి వెళ్లు. నువ్వు పోయాక రాసేవాళ్లు లేరు."

వీడ్కోలు సభ నా గదిలోనే జరిగింది. పీఏ రెండు టీలు తెప్పించాడు. నా సేవల గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే జనరేటరు ఆన్ అయింది. అతని పెదాలు కదులుతున్నాయి గానీ ఒక్క ముక్క వినపడలేదు. మంచి మాటలే అయి ఉంటాయి. మధ్యలో పైనుంచి బెల్లు మోగితే పరుగెత్తాడు. రెండో టీ కూడా నేనే తాగి, కూర్చుని నా ఆఖరి ప్రెస్‌నోటు రాశాను. హాజరైనవారు అన్న చోట కలం కాసేపు ఆగింది. నూట ముప్పై ఏడు మంది అని రాసి పైకి పంపాను.

ఇంటికి బస్సులో వెళ్లాను. పెద్దల సీట్లో కొలిమి వీధి అమ్మాయి, ఒళ్లో బిడ్డ, పక్కన చేతికర్ర. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"మీక్కూడా వచ్చిందా?"

"డెబ్బై ఒకటి."

"మా వీధిలోనా ఉంటారు?"

"కాదమ్మా. మంత్రిగారి ఆఫీసులో, కింది అంతస్తులో పనిచేశాను."

"అయ్యో," అంది నిజంగా జాలిపడి. "అయితే మా వీధే నయం బాబాయ్."

ఇంట్లో సంగతంతా చెప్పాను. మా ఆవిడ తిట్టలేదు. మిషను మీద కవరు వేసి, సామాను దేంట్లో సర్దాలా అని గదులన్నీ ఒకసారి తిరిగి వచ్చింది. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ పేపరు ఆవిడే తెరిచింది. అన్ని బల్లలూ దాటి వచ్చిన నా ప్రెస్‌నోటు మూడో పేజీలో ఉంది. మంత్రిగారు కళ్లొత్తుకుంటున్న పాత ఫొటో కూడా వేశారు. ఆవిడ వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

"ప్రెస్‌నోటు గారికి కన్నీటి వీడ్కోలు. హాజరైనవారు నాలుగు వేల రెండు వందల పంతొమ్మిది మంది." పేపరు దించి నా వైపు చూసింది. "ఇంతమంది వచ్చారా మీకోసం?"

"వచ్చారు."

కొలవకుండా నమ్మని మనిషి, ఆ అంకె మీద వేలు అలాగే ఉంచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి నన్నెందుకు పిలవలేదండీ?"

"చోటు చాల్లేదు," అన్నాను.